కోరంటి నక్షా

కాజీపేటల పాత మాల్‌గోదాం వెనుక
పట్టాలకు వీపు పెట్టి కూసున్న రాతి ఇల్లు.
దాన్ని కోరంటి అంటరు.
చిన్నప్పుడు నేను, ఆడ కోరంట పూలు పూస్తయేమో అనుకున్న.
పూలు కాదు. ప్లేగు.
రైలు దిగినోళ్లను నిలవెట్టి
చంకల్ల గడ్డలున్నయేమో తడిమి చూసి
పది దినాలు లోపలుంచి
బతికినోళ్లను ఊళ్లెకు వదిలిన జాగ.

కూలగొట్టేముందు కొలతలు రాయమన్నరు నన్ను.
కూలి రోజుకింత. టేపు నాదే.

నక్షా రికార్డు రూముల దొరికింది.
నీలం కాగితం, మడత మడతకు చెదలు తవ్విన వాగులు.
కుడిమూలకు రెండు పేర్లు:
మీర్ ముజ్తబా హుసేన్, తామీరాత్ మహకమా.
కింద, చిన్నగ, గీసింది వొడ్నాల రాజలింగం.
ఫస్లీ పదమూడు వందల ముప్పై ఎంతో,
ఆఖరి అంకెను పురుగు మింగింది.

ముజ్తబా సాబ్ నా కండ్లకు కడుతడు.
ఇస్త్రీ షేర్వానీ, జేబుల గడియారం,
ఒక్కనాడూ థర్డ్‌క్లాసు డబ్బాల కూసోని మనిషి.
మొగోళ్లకొక తలుపు, ఆడోళ్లకొకటి, దవాఖానకొకటి.
నాలుగో తలుపుకు పేరు రాయలే,
అక్కడినుంచి చెరువు గట్టు దాక
చుక్కల బాట మాత్రం గీసి ఉంది.
కిటికీ కింది బండ ఎత్తు: ఆరడుగులు.
పక్కన సన్నటి అక్షరాలల్ల కారణం,
లోపలోళ్లు బయటోళ్లతోటి మాట్లాడొద్దు.

తిడుదామని నోటిదాక వచ్చింది.
కాని నేను గూడ గీసేదాన్నే.
మొన్న బస్టాండు టెండరుల
బెంచీ నడుమ ఇనుప కమ్మి గీసింది నేనే,
ఎవరూ పండుకోవద్దని.
చెయ్యి వణకలే. ఫీజు గూడ ముట్టింది.

టేపు పట్టే పిలగాడు ఇయ్యాల రాలే.
లోపల నీడకు ఒక ఒరిస్సా కుటుంబం,
పెద్దపల్లి ఇటుక బట్టీలకు పోయేటోళ్లు.
సర్దార్ వచ్చేదాక ఈడ్నే ఉండమన్నడట, రెండు దినాలాయె.
వాళ్ల పిల్ల సుబాసి, ఆరేండ్లుంటయో లేవో.
సున్నా కాడ పట్టుకో అని సైగ చేసిన.
గట్టిగ పట్టుకుంది, సున్నా పారిపోతదన్నట్టు.

తలుపులు సరిపోయినయి. గోడ మందం సరిపోయింది.
కిటికీ సరిపోలే.
ఆరడుగులన్న కాడ మూడడుగులు.
మళ్ల కొలిచిన. మళ్ల గంతే.
తర్వాత పగలగొట్టిన గాటు లేదు,
మొదటి వరుస నుంచే అట్ల పేర్చుకుంటొచ్చిన రాయి.

ఎవరు దించిన్రు?
నక్షా అప్పజెప్పినంక రాజలింగం
గోడ మీద సుద్దముక్కతోటి వేరే గీత గీసిండా?
దర్వాజ రాయి మీద సుత్తె గుర్తు చెక్కుకున్న
వడ్డెర మేస్త్రి పల్లెపు గట్టయ్య
కొలకర్రను పైనుంచి పెట్టిండా?
గోడ తొమ్మిదడుగులు. పైనుంచి కొలిస్తే ఆరు ఆరే,
అడిగితే చెప్పడానికి లెక్క ఉంది.
లేకుంటే ముజ్తబా సాబే తనిఖీకొచ్చి,
చూసి, దగ్గి, గడియారం తీసి చూస్కొని
ఏమనకుండ పోయిండా?
బిల్లు పాసైన ముద్రైతే ఉంది.

కిటికీ బండ నున్నగ.
ఎన్ని మోచేతులు ఆనితే
నల్లరాయి గిట్ల అద్దమైతది?
అవతల నిలబడ్డోళ్లు ఏం తెచ్చిన్రో,
గట్క గిన్నెనో, తంబాకు కాడనో,
ఉత్త చెయ్యో.

సుబాసి టేపు వదిలింది.
గిర్రున చుట్టుకొని నా బొటనవేలిని కోసింది.
పిల్ల గదుమ బండ మీద పెట్టి
బొగ్గు వ్యాగన్లు లెక్కపెడుతున్నది
వాళ్ల భాషల, ఇరవై దాక.
తర్వాత మళ్ల ఒకటి నుంచి.

ఫారంల తేడా అని ఒక గడి.
మూడడుగులు కిందికి, అని రాసిన.
దాని పక్క గడి, కారణం.
వేలు నోట్ల పెట్టుకొని చాన సేపు చూసిన.

బయట జీపు హారన్ కొట్టింది.
తల్లి మూట ఎత్తుకుంది, తండ్రి గిన్నెలు.
వాళ్లు తలుపుల నుంచి పోయిన్రు.
ఊచలు ఎవరో ఎప్పుడో అమ్ముకున్న ఆ కిటికీల నుంచి
పిల్ల దుంకింది.